నంబరు చివర చూడండి: పాత బండిలో ఉన్నది అసలు ఇంజనేనా?

అనంతపురంలో పాత కార్లు, జీపుల యజమానులు, మెకానిక్‌లు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. కర్నూలు, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప, హిందూపురం నుంచి పనులు మానుకొని వచ్చారు. కాబట్టి నేరుగా విషయానికే వస్తాను.

పాత బండి కొనబోయేవాళ్లు బానెట్ ఎత్తగానే ఏం చేస్తారు? ఆర్సీ బుక్కు తీసి, ఇంజన్ మీద నంబరు కలిసిందా లేదా చూస్తారు. కలిస్తే ఒరిజినల్ అనుకొని బయానా ఇచ్చేస్తారు. నేను దీన్ని తిరగేసి చేయమంటాను. నంబరు చివర చూడండి. ఇంజన్‌లో దొంగపని చేయడానికి అన్నిటికన్నా సులువైన చోటు ఆ నంబరే. అంకెలు కొట్టే పంచుల సెట్టు, సుత్తి, గ్రైండర్ చేతిలో ఉంటే అరగంట పని. బ్లాకుతో, అంటే సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన భాగంతో పాటు పోత పోసిన తేదీని మార్చడం, క్రాంకు స్ట్రోకును, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని మార్చడం, ఛాసిస్ మీద ఎప్పుడో వేసిన వెల్డింగును మాయం చేయడం అంత సులువు కాదు. మార్చడం కష్టమైన వాటిని ముందు చదవాలి. సులువుగా మార్చగలిగిన దాన్ని ఆఖరున, అనుమానంతో చదవాలి.

అసలు ఇంజన్ అనే మాటను కూడా తేల్చుకుందాం. మొదటిది, బండి ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఏ బ్లాకు ఉందో అదే బ్లాకు ఇప్పటికీ ఉండటం. రెండోది, ఆ బ్లాకు పోయినా, అదే మోడలుకు, అదే కాలానికి సరిపోయే ఇంజన్ ఉండటం. మూడోది, వేరే రకం ఇంజన్. అమ్మేవాళ్లు ఈ మొదటి రెండింటినీ ఒకటే మాటతో చెబుతారు. రెండోది తప్పేమీ కాదు. మన రాయలసీమ బండ్లలో చాలావాటి నిజాయితీ గల స్థితి అదే. దాన్ని మొదటిదని చెప్పి అమ్మడమే తప్పు.

మన దగ్గర ఇంజన్లు ఎందుకు ఇన్ని మారాయో గుర్తుపెట్టుకుంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఒకటి పెట్రోలు ఖర్చు. పల్లెలకు సర్వీసు తిప్పిన జీపుల్లో పెట్రోలు ఇంజన్ దించి ప్యూజో డీజిలో, మెటడోర్ ఇంజనో ఎక్కించారు. రెండు, బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లు రేడియేటర్‌లో పోసీ పోసీ బ్లాకు లోపల గార పట్టి, వెనక సిలిండర్లకు నీళ్లు సరిగా అందక, వేడెక్కి బ్లాకు పగులుతుంది. మూడు, దుమ్ము. బేతంచెర్ల నాపరాయి, కడప బండ గనుల దారుల్లో తిరిగిన బండికి ఎయిర్ క్లీనర్ సరిగా చూడకపోతే బోర్లు, అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ రంధ్రాలు, తొందరగా అరిగిపోతాయి. సైజు మీద సైజు పెంచి, లోపల లైనర్లు అనే కొత్త గొట్టాలు కొట్టించి, చివరికి బ్లాకే మార్చేస్తారు.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. బండి దగ్గరికి పోకముందే ఒక పని ఉంది. ఆ సంవత్సరం, ఆ మోడలుకు కంపెనీ ఏ ఇంజన్ పెట్టిందో తెలుసుకోవాలి. 1958లో వచ్చిన మొదటి అంబాసిడర్లలో, వాల్వులు బ్లాకులోనే ఉండే 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజన్ ఉండేది. 1959లో, వాల్వులు పైన హెడ్డులో ఉండే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్ వచ్చింది. అది బ్రిటన్ కంపెనీ బీఎంసీ రూపొందించిన బీ-సిరీస్ రకం. ఎవరైనా 1958 బండి అని చెప్పి బానెట్ కింద, హెడ్డులోని వాల్వుల మీద మూతగా ఉండే రాకర్ కవర్ ఉన్న ఇంజన్ చూపిస్తే ఇక నంబరు దాకా పోనక్కర్లేదు. అలాగే మార్క్ 2, మార్క్ 3 బండిలో 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజన్ ఉంటే అది తర్వాత ఎక్కించిందే. ఇసుజు ఇంజన్ అంబాసిడర్‌కు వచ్చింది 1990ల మొదట్లో. మోరిస్ మైనర్‌కు 918 సీసీ సైడ్ వాల్వుతో మొదలై, 803, 948, 1098 సీసీ ఇంజన్లు వరసగా వచ్చాయి. 948 వచ్చింది 1956లో, 1098 వచ్చింది 1962లో. 1954 మైనర్‌లో 1098 ఉంటే బండి చక్కగా పరుగెడుతుంది, కానీ ఇంజన్ ఆ బండిది కాదు.

అంబాసిడర్ విషయంలో ఒక హెచ్చరిక. 1489 సీసీ ఇంజన్ దశాబ్దాల పాటు అదే కొలతలతో వచ్చింది. 1965 బండిలో 1985 ఇంజన్ పెట్టినా మౌంటింగుల్లో చక్కగా కూర్చుంటుంది. అందుకని అంబాసిడర్‌లో ఇంజన్ రకం కలిసిందంటే దాన్ని ఏ సాక్ష్యంగానూ తీసుకోవద్దు. ప్రీమియర్ పద్మిని కారు 1089 సీసీ ఇంజన్‌కూ ఇదే మాట. ఈ రెండు బండ్లకూ పోత గుర్తులు, కాగితాలు మాత్రమే దారి చూపిస్తాయి.

జీపుల్లో మాత్రం రకం చూడగానే సగం తేలిపోతుంది. యుద్ధకాలం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపుల్లో ఉన్నది ఫ్లాట్ హెడ్ ఇంజన్. హెడ్డు చదునుగా ఉంటుంది, పైన రాకర్ కవర్ ఉండదు, వాల్వులన్నీ బ్లాకులోనే. తర్వాత వచ్చిన సీజే-3బీకి ఎఫ్-హెడ్ ఇంజన్. దానిలో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. కార్బొరేటర్ హెడ్డు మీదే కూర్చుంటుంది. ఆ ఇంజన్ ఎత్తు ఎక్కువ కాబట్టే సీజే-3బీ బానెట్‌ను కంపెనీ పైకి లేపింది. ఎంబీలో ఎఫ్-హెడ్ పెడితే బానెట్ మూతపడదు, రేకు కోయాలి, లేదా ఉబ్బు కొట్టాలి. బానెట్ లోపలివైపు చేయి పెట్టి తడిమి చూడండి. పాత కోత, అతుకు, సుత్తి దెబ్బల గుంతలు పైనున్న పెయింటు కింద దాగినా చేతికి తెలుస్తాయి.

కొలత సంగతి. సీసీ తేల్చాలంటే బోరు, స్ట్రోకు రెండూ కావాలి. కానీ బోరు నమ్మదగ్గది కాదు. బోరింగు చేసిన ప్రతిసారీ పెరుగుతుంది. బీ-సిరీస్ బోరు కొత్తలో 73.025 మిల్లీమీటర్లు. నలభై థౌ, అంటే అంగుళంలో నలభై వెయ్యో వంతులు, ఓవర్‌సైజు చేస్తే అది 74.04 అవుతుంది. హెడ్డు తీస్తే పిస్టన్ తల మీద 020 అనో 040 అనో కొట్టి ఉంటుంది, ఎంత పెంచారో అదే చెబుతుంది. స్ట్రోకు అలా మారదు. క్రాంకు గ్రైండింగు చేసినా జర్నల్, అంటే బేరింగులో తిరిగే భాగం, సన్నబడుతుందే తప్ప స్ట్రోకు మారదు. అందుకే నేను స్ట్రోకును మొదటి సాక్షిగా తీసుకుంటాను. అంబాసిడర్ సైడ్ వాల్వు ఇంజన్ స్ట్రోకు 87 మిల్లీమీటర్లు, ఓవర్‌హెడ్ వాల్వుది 88.9. పద్మినీది 75. స్టాండర్డ్ హెరాల్డ్ 948 సీసీది 76. దీనికీ హద్దులున్నాయి. మైనర్ 803, 948 ఇంజన్ల రెండింటి స్ట్రోకూ 76.2 మిల్లీమీటర్లే. అక్కడ స్ట్రోకు చూస్తే ఏమీ తేలదు, బోరే చూడాలి.

హెడ్డు దించకుండానే స్ట్రోకు కొలవడానికి బాగా వీలున్నవి పాత ప్లిమత్, డాడ్జ్, డిసోటో కార్ల ఆరు సిలిండర్ల ఫ్లాట్ హెడ్ ఇంజన్లు. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ బిగించి అమ్మిన బండ్లివి. ఈ ఇంజన్ హెడ్డులో ఆరో సిలిండర్ మీద చిన్న పైపు ప్లగ్గు ఉంటుంది. టైమింగు చూసుకోవడానికి కంపెనీ వదిలిన రంధ్రం అది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాయిల్ వైరు పీకేయండి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పితే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ఇత్తడి కడ్డీ ఒకటి, రంధ్రంలో వదులుగా పట్టేది, ఓ అడుగు పొడవున తీసుకోండి. పై కొస వంచండి, లోపలికి జారిపోకుండా. ఇనుప కడ్డీ వద్దు, పిస్టన్ మీద గీతలు పడతాయి. కడ్డీని పిస్టన్ మీద ఆనించి, హ్యాండిల్‌తో ఇంజన్‌ను నిదానంగా తిప్పండి. కడ్డీని గట్టిగా పట్టుకోవద్దు, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఇరుక్కుంటే వంగుతుంది. పిస్టన్ పూర్తిగా పైనున్నప్పుడు రంధ్రం అంచు దగ్గర కడ్డీ మీద ఒక గీత, పూర్తిగా కిందున్నప్పుడు ఇంకో గీత. రెండింటి మధ్య దూరమే స్ట్రోకు.

1946 నుంచి 1948 వరకు ప్లిమత్ పీ15 ఇంజన్ 217.8 ఘనపు అంగుళాలది. దాని స్ట్రోకు 111 మిల్లీమీటర్లు. అదే కాలపు డాడ్జ్ డీ24 ఇంజన్ 230 ఘనపు అంగుళాలది. దానికి 117.5. బోరు రెండింటికీ ఒకటే, మూడుంబావు అంగుళాలు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. ఆరున్నర మిల్లీమీటర్ల తేడాతో మీ కడ్డీ మీది రెండు గీతలే వాటిని వేరు చేస్తాయి. ఇంకో చిక్కుంది. కెనడాలో తయారైన ప్లిమత్ ఇంజన్ బ్లాకు పొడవు వేరు. అమెరికా ఇంజన్ హెడ్డు 23 అంగుళాలు, కెనడాది 25. కెనడా 218 ఇంజన్ స్ట్రోకు 103 మిల్లీమీటర్లే. బండి ఏ దేశం నుంచి వచ్చిందో బాడీ ప్లేటు చూసి తెలుసుకున్నాకే ఏది సరైనదో చెప్పాలి. టేపుతో హెడ్డు పొడవు కొలవడానికి నిమిషం పట్టదు, కానీ చాలామంది ఆ పని చేయరు.

బీ-సిరీస్ లాంటి ఇంజన్లలో ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది. అక్కడ కడ్డీతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎలాగూ హెడ్డు తీసే పని పడినప్పుడే కొలుచుకోండి.

తర్వాత పోత గుర్తులు. బ్లాకు మీద రెండు రకాల అంకెలుంటాయి. ఉబ్బెత్తుగా పైకి లేచినవి బీడు, అంటే పోత ఇనుము, పోసేటప్పుడు అచ్చులోంచి వచ్చినవి. గుంటగా లోపలికి దిగినవి తర్వాత పంచుతో కొట్టినవి. ఉబ్బెత్తుగా పెద్దగా కనిపించే పోత నంబరు ఇంజన్ నంబరు కాదు. ఒకే అచ్చులో పోసిన వేల బ్లాకుల మీద అదే నంబరుంటుంది. కొన్ని ఆర్సీల్లో ఈ పోత నంబరునే ఇంజన్ నంబరని రాసేశారు. పెద్దగా, స్పష్టంగా కనబడేది అదే కాబట్టి. అలాంటి కాగితం ఇంజన్‌తో అచ్చంగా కలిసిపోతుంది, కానీ అదే అచ్చులో పోసిన ఏ బ్లాకుతోనైనా అలాగే కలుస్తుంది.

పోత తేదీ విలువైనది. షెవ్రలే ఇంజన్లను తీసుకోండి. నెలకు ఒక అక్షరం, జనవరికి ఏ, డిసెంబరుకు ఎల్. తర్వాత తేదీ, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. సీ 14 8 అంటే మార్చి 14, సంవత్సరం 8తో ముగిసేది. ఇది ఉబ్బెత్తు గుర్తు. ఇంజన్ బిగించిన తేదీ వేరే చోట గుంటగా కొట్టి ఉంటుంది. ముందున్న అక్షరం ఫ్యాక్టరీది, వీ అంటే ఫ్లింట్, టీ అంటే టోనవాండా. సూత్రం ఒక్కటే, ఏ దేశం బండికైనా ఇదే: ముందు బ్లాకు పోస్తారు, తర్వాత ఇంజన్ బిగిస్తారు, ఆ తర్వాత ఇంజన్ బండిలోకి ఎక్కుతుంది. పోత తేదీ బండి తయారైన తేదీ కన్నా తర్వాతిదైతే ఆ బ్లాకు ఆ బండితో పుట్టలేదు. ఇందులో వాదనకు తావు లేదు. బండి కన్నా కొన్ని వారాలో, కొన్ని నెలలో ముందుంటే సహజం. రెండు మూడేళ్లు ముందుంటే అనుమానించాలి. హెడ్డు, మానిఫోల్డు, డైనమో, డిస్ట్రిబ్యూటర్ మీద కూడా తేదీ గుర్తులుంటే వాటినీ ఒక వరసలో రాసుకోండి. నాలుగైదు భాగాల తేదీలు ఒకే కాలంలో గుమిగూడితే ఆ ఇంజన్ అంతా ఒకచోట పుట్టిందని తెలుస్తుంది. ఒక్క బ్లాకు మాత్రమే దూరంగా నిలబడితే మార్చింది ఆ బ్లాకునే.

ఇప్పుడు మన జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే విషయం. ఒకప్పుడు డీజిల్ పెట్టి, ఇప్పుడు ధర పలుకుతుందని మళ్లీ పెట్రోలు ఇంజన్ ఎక్కించిన జీపులు. వీటిని ఒరిజినల్ పెట్రోలు అని అమ్ముతారు. డీజిల్ ఎక్కించిన రోజున దించిన ఇంజన్ చాలావరకు పాత ఇనుముకు పోయి ఉంటుంది. ఇప్పుడున్నది వేరే జీపు ఇంజన్ అయ్యే అవకాశమే ఎక్కువ. దీన్ని ఇంజన్ చూసి కాదు, బండి చూసి పట్టుకోవాలి.

బండి కిందికి పడుకోండి, టార్చి తీసుకోండి. ఇంజన్ మౌంటింగు బ్రాకెట్లు ఛాసిస్‌ను పట్టుకున్న చోట చూడండి. కంపెనీ రివెట్లు ఉండాల్సిన చోట నట్టు బోల్టులున్నాయా, పక్కన మూసేసిన పాత రంధ్రాలున్నాయా, వెల్డింగు గడ్డలు గ్రైండు చేసిన చదును కనిపిస్తుందా? డీజిల్ ఇంజన్ పొడవు, బరువు వేరు కాబట్టి బ్రాకెట్లు జరపక తప్పదు, జరిపిన గుర్తు పోదు. ఛాసిస్ పట్టీ మీద పెయింటు ఒక్కచోటే మందంగా, నున్నగా ఉంటే గోరుతో గీకి చూడండి, కింద పుట్టీ ఉండవచ్చు. ఫైర్‌వాల్ దగ్గర ఇంజన్ వెనక భాగానికి చోటివ్వడానికి రేకును లోపలికి కొట్టి ఉంటారు. డ్యాష్‌బోర్డు వెనక నుంచి చూడండి. హీటర్ ప్లగ్గుల స్విచ్చికి, ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్‌కు వేసిన రంధ్రాలు ముందు నుంచి పుట్టీతో మూసినా వెనక నుంచి గుండ్రంగా కనిపిస్తాయి. ట్యాంకు చూడండి. డీజిల్ ఇంజన్‌కు ఇంజెక్టర్ల నుంచి మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగొచ్చే పైపు కావాలి. ఆ పైపు ముక్కును కోసి, నొక్కి, బ్రేజింగు చేసి వదిలేసి ఉంటారు. ఎంబీ జీపు అసలు కరెంటు 6 వోల్టులు. డీజిల్ పెట్టినప్పుడు 12 వోల్టుల పెద్ద బ్యాటరీ కావాలి కాబట్టి బ్యాటరీ ట్రే పెంచుతారు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి అతికిన చుట్టు వెల్డింగు, బెల్ హౌసింగుకూ బ్లాకుకూ మధ్య అదనపు ప్లేటు, ఇవి కూడా చూడండి. వీటిలో ఏ ఒక్కటి దొరికినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: డీజిల్ పెట్టిన రోజు దించిన ఇంజన్ ఎక్కడుంది? దాన్ని దాచిపెట్టినవాళ్లూ ఉన్నారు. అలా దాచి, మళ్లీ అదే ఎక్కించి ఉంటే ఆ మాట నిరూపించగల పాత ఫోటోలో, బిల్లులో అడగండి.

ఇన్ని చూశాక, ఇక నంబరు దగ్గరికి రండి.

నంబరున్న చోటును తుడవడంలోనే చాలామంది సాక్ష్యాన్ని చెరిపేస్తారు. గ్రైండర్‌కు వైరు బ్రష్ తగిలించి రుద్దకండి, ఎమరీ కాగితం పెట్టకండి. కిరసనాయిలు పోసి నానబెట్టి, ప్లాస్టిక్ బ్రష్‌తో గ్రీజు తీయండి. పెయింటు మందంగా ఉంటే పెయింట్ రిమూవర్ పూసి, గుడ్డతో ఎత్తండి. తర్వాత టార్చిని నంబరు మీదికి ఎదురుగా కాదు, పక్క నుంచి, దాదాపు బ్లాకుకు ఆనించి వేయండి. ఏటవాలు వెలుగులో గుంటలు, గీతలు, ఎత్తుపల్లాలు అన్నీ నీడలతో లేచి కనిపిస్తాయి. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. రిజిస్ట్రేషన్ పనికి ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీయడం మీలో చాలామందికి తెలుసు. ఇంజన్ నంబరుకూ అలాగే తీయండి. పల్చటి కాగితం ఆనించి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే కంటికి అందని గ్రైండింగు గీతలు కూడా కాగితం మీద పడతాయి.

ఏం చూడాలి? మొదట ఆ చోటు మట్టం. కంపెనీ మిల్లింగు చేసిన చదునులో గీతలు ఒకే దిశలో, ఒకే దూరంలో ఉంటాయి. చేతి గ్రైండర్ గీతలు వంపు తిరుగుతాయి, ఒకదాన్నొకటి దాటుతాయి. స్టీలు స్కేలు అంచును నిలబెట్టి, వెనక నుంచి వెలుగు పెట్టి చూడండి. మధ్యలో పళ్లెంలా గుంత ఉంటే పాత నంబరును గీకారనే అనుకోవాలి. చుట్టూ ఉన్న పోత గరుకు కూడా అక్కడిదాకా నున్నబడి ఉంటుంది. తర్వాత అంకెల అంచులు. పంచు దిగినప్పుడు లోహం పక్కకు లేచి సన్నటి గట్టు కడుతుంది. దశాబ్దాలు గడిచాక ఆ గట్టు మొద్దుబారుతుంది, గుంట అడుగు నల్లబడి తుప్పు రంగు పడుతుంది. అంచులు వేలికి గుచ్చుకుంటూ, అడుగు వెండిలా మెరుస్తుంటే ఆ నంబరు వయసు ఎక్కువ లేదు. అంకె ఎత్తు వెర్నియర్‌తో కొలవండి. బజారులో దొరికే పంచులు సాధారణంగా 4, 5, 6 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. పాత ఇంగ్లీషు, అమెరికా ఫ్యాక్టరీలు అంగుళాల పంచులు వాడాయి. పావు అంగుళం అంటే 6.35. ఒక్క కొలతతో తీర్పు చెప్పొద్దు గానీ మిగతా గుర్తులతో కలిపి చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. అంకెలు వంకరగా, ఎగుడుదిగుడుగా ఉండటం దొంగతనానికి గుర్తు కాదు. చాలా ఫ్యాక్టరీల్లో మనిషే ఒక్కొక్క అంకె పెట్టి సుత్తితో కొట్టేవాడు. అనుమానించాల్సింది, ఒకే నంబరులో రెండు 4లు రెండు ఆకారాల్లో ఉండటాన్ని. ఒకటి పైన తెరిచి, ఒకటి మూసి ఉంటే రెండు వేర్వేరు సెట్లు వాడారన్నమాట. రివెట్లతో బిగించిన నంబరు ప్లేటైతే ప్లేటును కాదు, రివెట్లను చూడండి. మధ్యలో బొక్క ఉండే పాప్ రివెట్లు ఉంటే ఆ ప్లేటు ఒకసారి ఊడింది. ఇంజన్ మారినా పాత ప్లేటును తెచ్చి కొత్త బ్లాకుకు కొట్టడం తేలిక.

నంబరు ఎక్కడుందో తెలియకుండా వెతికితే తప్పు నంబరు దొరుకుతుంది. ప్లిమత్, డాడ్జ్ ఫ్లాట్ హెడ్‌లో బ్లాకుకు ఎడమవైపు ముందు, డైనమో పైన. విల్లీస్ ఎంబీలో బ్లాకుకు కుడివైపు ముందు పై మూలన. మీ బండి సర్వీసు మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటుంది, ముందు అది చూసుకోండి.

జీపుల్లో నంబర్లు కలవడం అనే మాటే మోసం చేస్తుంది. ఫోర్డ్ జీపీడబ్ల్యూలో ఇంజన్ నంబరునే ఛాసిస్ మీద కొట్టారు. రెండూ ఒకటే అయితే చాలా మంచిది. విల్లీస్ ఎంబీలో అలా కాదు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఫ్యాక్టరీలోనే వేర్వేరు. ఎంబీ అని చెప్పి రెండు నంబర్లూ అచ్చంగా ఒకటే చూపిస్తే సంతోషపడకండి, ఎవరో పంచు కొట్టారేమో చూడండి. పైగా ఈ జీపులను సైన్యం తన వర్క్‌షాపుల్లో విప్పి బిగించింది, ఇంజన్లు ఇటు నుంచి అటు మారాయి. అలా కలవని నంబరు ఆ జీపు చరిత్రలో భాగమే. దాన్ని సరిచేయాలని పంచు పట్టుకోవద్దు. షెవ్రలేలో కూడా, ఛాసిస్ నంబరులోని అంకెలు ఇంజన్ మీద కొట్టడం అన్ని కార్లకూ వచ్చింది 1968లో. అంతకు ముందు బండిలో ఆ రెండూ కలవలేదని బేరం తగ్గించడం అన్యాయం.

గీకేసిన నంబరును రసాయనం పూసి మళ్లీ పైకి తేవచ్చని విని ఉంటారు. పంచు దెబ్బకు కింద లోహం నలిగి ఉంటుంది కాబట్టి ఆమ్లం అక్కడ వేరుగా పనిచేస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో చేసే పని అది. బీడు మీద ఉక్కు మీద వచ్చినంత బాగా రాదు. షెడ్డులో ప్రయత్నిస్తే మిగిలిన ఆనవాలు కూడా పోతుంది. అనుమానం ఆ దాకా వెళ్లిందంటే బండి కొనకండి. దొంగ బండి అయితే తర్వాత కోర్టుల చుట్టూ తిరగాల్సింది మీరే.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఇప్పటి కార్డు కాదు, దొరికిన వాటిలో అన్నిటికన్నా పాత కాగితం చూడండి. 1953 అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అప్పటి బండ్ల మొదటి రిజిస్ట్రేషన్ అక్కడిదే. తర్వాత మన జిల్లాల కోడ్లు ఏపీ 02, ఏపీ 04, ఏపీ 21 వచ్చాయి. నంబరు మారినప్పుడల్లా, చేతిరాత పుస్తకంలోంచి కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడల్లా తప్పులు దొర్లాయి. సున్నాకు ఓ అక్షరం, 5కు ఎస్, 8కి బీ, ముందున్న అక్షరాలు ఎగిరిపోవడం, ఇంజన్ నంబరు ఛాసిస్ గడిలో పడటం. కాగితం కలవలేదంటే ఇంజన్ మారిందనే కాదు. పాత ఇన్సూరెన్స్ పాలసీలు, ఎన్‌ఓసీలు, పన్ను రసీదులు పక్కపక్కన పెట్టి నంబరు ఎక్కడ మారిందో చూడండి. ఒకేసారి మొత్తం నంబరు మారితే ఇంజన్ మారింది. ఒక్క అంకె మారితే రాసినవాళ్ల తప్పు. మోరిస్, ఆస్టిన్, ఎంజీ లాంటి ఇంగ్లాండు బండ్లకు అక్కడి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. దిగుమతి బండి అయితే ఆ ఖర్చు పెట్టడం మేలు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మా నాయన కాలం నాటి అంబాసిడర్. ఆర్సీలో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు. ఇంజన్ ఎప్పుడో మార్చారు, రాయించలేదు. ఏం చేయాల?

రాయించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పును 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. ఆలస్యమైనా సరే, ఇప్పుడు పోయి అడగండి. ఇంజన్ కొన్న రసీదు ఉంటే దాంతో, లేకపోతే వాళ్లు అడిగిన అఫిడవిట్‌తో. కానీ ఆర్సీ నంబరును బ్లాకు మీద కొట్టించడం మాత్రం చేయొద్దు. ఎవరైనా మెకానిక్ రెండు వేలకు చేసి పెడతానంటే వద్దని చెప్పండి. మీ నాయన బండిలో ఇంజన్ మారడం తప్పు కాదు, ఆ పంచు కొట్టడం నేరం.

ప్రశ్న: వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అసలు ఇంజనే ఉండాలా సార్?

2021 జూలైలో వచ్చిన నియమాలు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకు వర్తిస్తాయి. అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదని అందులో ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేలు, పునరుద్ధరణకు 5 వేలు, గడువు 10 ఏళ్లు. నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి అది పనికిరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు బయటికి తీయవచ్చు. డీజిల్ ఎక్కించిన ఫ్లాట్ హెడ్ జీపుకు ఈ దారి కష్టం. దరఖాస్తు పెట్టే ముందే ఇంజన్ సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: అన్నా, బ్లాకు పగిలింది. అసలుది కాబట్టి పారేయాలంటే మనసు ఒప్పుకోవట్లేదు. వెల్డింగు చేయించవచ్చా?

బీడును మామూలు వెల్డింగు రాడ్డుతో అతికితే పక్కనే మళ్లీ పగులుతుంది. నికెల్ రాడ్డు వాడాలి, బ్లాకును ముందు బాగా వేడి చేసి, తర్వాత చాలా నిదానంగా చల్లార్చాలి. బయటి నీళ్ల గోడ పగిలితే చలువ కుట్టు మేలు. పగులు వెంట వరుసగా రంధ్రాలు వేసి, మరలు కట్టిన పిన్నులను ఒకదాని మీద ఒకటి ఎక్కేలా బిగించి, తల కోసి నున్నచేస్తారు. వేడి లేదు కాబట్టి బ్లాకు వంకర పోదు. పగులు బోరుకూ ఎగ్జాస్ట్ వాల్వు సీటుకూ మధ్య ఉంటే, ముందు ప్రెషర్ టెస్టు చేయించి, బోరులో లైనరు కొట్టించగలరేమో అడగండి. అప్పటికీ కుదరకపోతే అదే కాలపు ఇంకో ఇంజన్ ఎక్కించి, దాని నంబరు ఆర్సీలో రాయించండి. పాత బ్లాకును మాత్రం తూకానికి వేయకండి. బోర్లకు గ్రీజు పూసి, వాల్వు గైడ్లలో నూనె వేసి, నంబరున్న చోట పల్చగా గ్రీజు పూసి కాగితం అంటించి, ప్లాస్టిక్ కవరు కప్పి, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి. బండి అమ్మితే ఆ బ్లాకును బండితో పాటే ఇవ్వండి.